ఎవరూ అడగని ప్రశ్నలు: గల్ఫ్ ప్రయాణం, అమెరికా ప్రయాణం పక్కపక్కన

తెలుగు నేల నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లలో రెండు పెద్ద వరుసలు కనిపిస్తాయి. ఒకటి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ పల్లెల నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి, కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు సాగేది. రెండోది హైదరాబాద్, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి అమెరికాకు సాగేది. ఈ రెంటినీ మనం ఎప్పుడూ ఒకే చోట పెట్టి మాట్లాడం. గల్ఫ్ గురించి రాస్తే కన్నీటి కథగా రాస్తాం. అమెరికా గురించి రాస్తే విజయగాథగా రాస్తాం. ఒకటి కార్మిక సమస్యల పేజీలోకి, మరొకటి కెరీర్ పేజీలోకి పోతుంది.

ఇలా విడదీసి చూడటం వల్ల ఒక ముఖ్యమైన సంగతి కనబడకుండా పోతోంది. ఊరు వదిలే ముందు ఇల్లు చక్కబెట్టుకోవడంలో ఈ రెండు రకాల కుటుంబాలూ ఒకే రకమైన పొరపాటు చేస్తున్నాయి. ఒకరికున్న తెలివిడి మరొకరికి లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ తేటపడతాయి. నేను చెప్పదలచుకున్నది ఇది: మన కుటుంబాల్లో విదేశ ప్రయాణానికి సిద్ధం కావడమంటే వీసా అధికారి, ఏజెంటు, ఇమిగ్రేషన్ కౌంటరు అడిగే ప్రశ్నలకు జవాబులు సమకూర్చుకోవడంగా మారిపోయింది. అప్పు ఎవరు తీరుస్తారు, సంతకం ఎవరు పెడతారు, డబ్బు ఎవరి చేతికి వస్తుంది, తిరిగి రావలసి వస్తే ఏం చేస్తాం, ప్రాణం పోతే ఇంటివాళ్లకు ఏం దక్కుతుంది అనే ప్రశ్నలు ఏ కౌంటరులోనూ ఎవరూ అడగరు. ఎవరూ అడగరు కాబట్టి ఇంట్లోనూ ఎవరూ జవాబు వెతకరు.

కాగితాలు: నిఘా ఒకరి మీద, ధీమా మరొకరిది

గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి మీద ప్రభుత్వ నిఘా ఎక్కువ. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు ‘ఇ.సి.ఆర్.’ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) కోవలోకి వస్తుంది. ఆరు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఉద్యోగ ఒప్పందం నమోదు కావాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకోవాలి. దాని ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలకూ దాని మీద జీఎస్టీకీ మించి వసూలు చేయకూడదు. ప్రయాణానికి ముందు ఒక రోజు ఉచిత అవగాహన శిక్షణ కూడా ఉంది.

చట్టంలో రక్షణ ఇంత వివరంగా ఉంది. ఆచరణలో చాలామంది దాని పక్కనుంచి పోతున్నారు. విజిట్ వీసా మీద దుబాయి చేరి, అక్కడ పని వీసాకు మార్చుకుందామని బయలుదేరినవాడికి ఈ రక్షణల్లో ఒక్కటీ వర్తించదు. ఒప్పందం నమోదు కాదు, బీమా ఉండదు, ఏజెంటు ఎంత తీసుకున్నాడో రసీదు ఉండదు. ఆజాద్ వీసా అంటూ అమ్మేదాని సంగతీ అంతే. కాగితం మీద యజమాని ఒకడు, పని చేయించుకునేది వేరొకడు. అటువంటి పనివాడు అక్కడి చట్టం దృష్టిలో మొదటి రోజునుంచే తప్పు చేసినవాడవుతాడు. కాగితం మీది కఫీల్ (యజమాని) కేసు పెడితే ‘కల్లివెల్లి’ (కాగితాల్లేని పరారీ కార్మికుడు) అయిపోయి, క్షమాభిక్ష ప్రకటించే రోజు కోసం ఎదురుచూస్తూ దాక్కుని బతకాలి.

అమెరికా వెళ్లే విద్యార్థి మీద మన ప్రభుత్వ నిఘా దాదాపు లేదు. ఎమిగ్రేషన్ చట్టం పట్టించుకునేది ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లను. విద్యార్థుల్ని పంపే కన్సల్టెన్సీలు దాని పరిధిలో లేవు. ఆ విద్యార్థికి ఉన్నది చదువు, ఇంగ్లీషు, ఇంటర్నెట్. ఐ-20 ప్రవేశ పత్రం ఎలా చదవాలో, డి.ఎస్.-160 వీసా దరఖాస్తు ఎలా నింపాలో, సెవిస్ ఫీజు ఎక్కడ కట్టాలో అతనికి తెలుసు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అడగబోయే ప్రశ్నలకు వారాల తరబడి తర్ఫీదు పొందుతాడు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూటెనిమిది చేస్తానని మొక్కుకుంటాడు. అంత తర్ఫీదులోనూ ఆ విశ్వవిద్యాలయం ఎటువంటిదని విచారించే భాగం చిన్నది. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ ఉదంతం గుర్తుందా? అమెరికా అధికారులే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం అది. మొదట అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో ఒక్కరు తప్ప అందరూ భారతీయులు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. అంతకుముందు 2011లో ట్రై-వ్యాలీ అనే మరో బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారం నడిచింది. ఎనిమిదేళ్ల తేడాలో అదే గోతిలో మళ్లీ పడ్డాం.

చదువురానివాడు మోసపోతాడు, చదువుకున్నవాడు జాగ్రత్తపడతాడు అనే మన నమ్మకం ఈ పోలికలో నిలవదు. ఇద్దరినీ దారి తప్పించేది ఒకటే. మధ్యవర్తి మనవాడే కదా అనే భరోసా. పల్లెలో ఏజెంటు ‘మనూరోడే’, వరసకు బావో బాబాయో అవుతాడు. నగరంలో కన్సల్టెన్సీ నడిపేది మన కాలేజీ సీనియర్, ‘అన్న’ అవుతాడు. వరస కలిశాక రసీదు అడగడం అమర్యాద అనిపిస్తుంది. ఆ మొహమాటం ఖరీదు రెండు చోట్లా లక్షల్లోనే ఉంటోంది.

అప్పు: నెలనెలా కనబడేది, కళ్లకు కనబడనిది

గల్ఫ్ వీసాకు అప్పు ఊళ్లోనే పుడుతుంది. ప్రామిసరీ నోటు రాసిస్తారు, లేదా బంగారం కుదువ పెడతారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే సులువుగానే ఉన్నట్టనిపిస్తుంది. ఏడాది లెక్కన అది 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. ఒక ఉదాహరణ చూద్దాం. లక్షన్నర అప్పు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. మొదటి నెల వడ్డీయే 4,500. నెలకు 15,000 ఇంటికి పంపితే, అందులో సగం ఇంటి ఖర్చుకు పోయి, 7,500 అప్పుకు కడితే ఎప్పటికి తీరుతుంది? రెండేళ్ల ఒప్పందం ముగిసేనాటికి కూడా ఇంకా 46 వేలకు పైగా బాకీ మిగులుతుంది. మొత్తం తీరాలంటే 31 నెలలు పడుతుంది. అంటే మొదటి ఒప్పందం మొత్తం అప్పిచ్చినవాడి కోసం చేసిన చాకిరీ. కూడబెట్టడం రెండో ఒప్పందంలో గానీ మొదలు కాదు. మధ్యలో జీతం మూడు నెలలు ఆగినా, పని పోయినా ఈ లెక్క మొత్తం కూలిపోతుంది. బయలుదేరే ముందు ఈ లెక్క ఇంట్లో కాగితం మీద వేసుకుంటే, ఆ వీసాకు అంత పెట్టాలా వద్దా అనే నిర్ణయమే మారుతుంది.

అమెరికా చదువుకు అప్పు బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో పుడుతుంది. ప్రభుత్వ బ్యాంకుల నమూనా పథకంలో 7.5 లక్షలు దాటిన రుణానికి సాధారణంగా తాకట్టు కావాలి. ఆ తాకట్టు అమ్మానాన్నల ఇల్లు లేదా స్థలం. తాకట్టు లేని రుణమైతే వడ్డీ ఎక్కువ, తండ్రి సహరుణగ్రహీతగా సంతకం పెట్టాలి. 40 లక్షల రుణం 11 శాతానికి మొత్తం విడుదలయ్యాక ఏడాదికి 4 లక్షల 40 వేలు వడ్డీ. నెలకు 36 వేలకు పైనే. చదువు నడుస్తున్నంత కాలం, ఆపైన కొన్ని నెలలు వాయిదాలు కట్టనక్కర్లేదు కాబట్టి ఈ వడ్డీ చాలా ఇళ్లలో ఎవరి కంటికీ ఆనదు. కట్టనంత మాత్రాన అది ఆగదు, అసలులో చేరుతుంది.

ఇక్కడే రెండు కుటుంబాల మధ్య నాకు గొప్ప తేడా కనిపిస్తుంది. జగిత్యాల పల్లెలో ఆ ఇంటి ఇల్లాలికి ఈ నెల వడ్డీ ఎంతో, ఎవరికి కట్టాలో నోటి మీద ఉంటుంది. అప్పిచ్చినవాడు నెలనెలా గడప ముందు నిలబడతాడు కనుక మరవడం సాధ్యం కాదు. విజయవాడ అపార్ట్‌మెంట్‌లో రిటైరైన తండ్రికి తన పేరు మీద పెరుగుతున్న బాకీ ఇవాళ్టికి ఎంతయిందో చాలాసార్లు తెలియదు. ‘వాడికి ఉద్యోగం వస్తే రెండేళ్లలో తీర్చేస్తాడు’ అనే మాట ఆ లెక్క స్థానంలో నిలుస్తుంది. డాలరు జీతంతో పోల్చి అప్పు చేస్తారు. అది రాకపోతే తన పెన్షన్‌తో పోల్చి చూడవలసి వస్తుందని అనుకోరు. చట్టం మాత్రం మొదటి రోజే పోల్చి పెట్టుకుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. సహరుణగ్రహీత అయితే అతనే అప్పుదారు.

ఆ డాలరు జీతం ఖాయమైనదేమీ కాదు. చదువయ్యాక వచ్చే తాత్కాలిక పని అనుమతి ఓ.పి.టి. పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు. మొదటి పన్నెండు నెలల్లో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. ఆ తర్వాత హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ. ఏటా 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20,000. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ప్రకటనతో బయటి నుంచి వచ్చే కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము కూడా వచ్చింది. రూల్సు ఒక్క రాత్రిలో మారే చోటికి, ఇరవై ఏళ్లలో కట్టుకున్న ఇంటిని తాకట్టు పెట్టి పంపుతున్నాం. పంపకూడదని నేననను. ఆ ఇల్లు పోయినా నిలబడగలమా అని ముందే కూర్చుని మాట్లాడుకోవాలంటాను.

బ్యాంకు ఖాతాలో చూపించే డబ్బు సంగతి కూడా చెప్పాలి. వీసా కోసం నాలుగు రోజులు అప్పు తెచ్చి ఖాతాలో వేసి, స్టేట్‌మెంట్ తీసుకుని తిరిగిచ్చే అలవాటు ఉంది. ఆస్తి విలువ పెంచి రాయించిన సీఏ రిపోర్టులు ఉన్నాయి. అధికారికి చూపించే ఆ పెద్ద అంకెను చూసి చూసి ఇంటివాళ్లే దాన్ని నమ్మడం మొదలుపెడతారు. అసలు మన చేతిలో ఉన్నదెంత అనే నిజమైన అంకె ఎవరూ రాసుకోరు. గల్ఫ్‌కు పోయేవాడికి ఈ అవస్థ లేదు. తన దగ్గర ఏమీ లేదని అతనికి స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత కూడా ఒక ఆస్తే.

సంతకం: ఎవరికి అధికారం ఇచ్చి వెళ్తున్నాం?

రెండు ఎకరాలున్న రైతు కొడుకు గల్ఫ్‌కు పోయేటప్పుడు ఆ భూమి చాలాసార్లు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది. విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) చేయించుకుందామంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య ఒప్పందం కుదరాలి. ‘వచ్చినాక చేస్కుందాం’ అని పోతారు. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవుకు వచ్చేవాడికి పెళ్లిళ్లు, మొక్కులు, ఇంటి రిపేర్లు సరిపోతాయి. పదేళ్లు గడుస్తాయి. ఈలోగా సాగు చేసే తమ్ముడు పాస్‌పుస్తకం తన పేరు మీదికి మార్పించుకుంటే, తిరిగొచ్చినవాడు సొంత ఊళ్లో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఎడారిలో పోసిన చెమట కంటే ఈ తిరుగుడే వాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది. ఎందుకంటే ఎదుటివాడు పరాయివాడు కాదు.

అమెరికా వెళ్లేవాడికి కాగితాల మీద అవగాహన ఎక్కువ. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అనే మాట తెలుసు, తండ్రి పేరనో బావమరిది పేరనో రాయిస్తాడు. ఇక్కడ పొరపాటు మరో రకంగా వస్తుంది. అన్ని పనులకూ అన్ని అధికారాలూ ఇచ్చే జనరల్ పవర్ రాసిస్తాడు. ఫ్లాటు అద్దెకివ్వడానికి ఒకటి, ఒక ఫలానా స్థలం అమ్మడానికి ఒకటి అని పనిని బట్టి స్పెషల్ పవర్ ఇస్తే సరిపోయే చోట, మొత్తం ఇల్లంతా ఒకరి చేతిలో పెట్టి వెళ్తాడు. రాసిచ్చినవాడు చనిపోతే సాధారణంగా ఆ పవర్ కూడా రద్దవుతుందని చాలామందికి తెలియదు. పవర్ ఉంది కదా అని వీలునామా రాయరు. పవర్ పనికొచ్చేది బతికున్నప్పుడు, వీలునామా పనికొచ్చేది చనిపోయాక. ఒకటి రెండోదాని పని చేయదు. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు లేకుండా జీపీఏ మీదే జరిగే అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. విదేశంలో రాసిన పవర్ మన దేశానికి చేరిన మూడు నెలల్లో దానికి స్టాంపు వేయించుకోవాలి. ఇవన్నీ ఇక్కడ ఉన్నప్పుడే రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పూట పెట్టి చేసుకుంటే, తర్వాత కొరియర్లకూ కాన్సులేటు అపాయింట్‌మెంట్లకూ వారాలు పోవు.

నామినీ విషయంలో రెండు కుటుంబాలూ ఒకే తప్పు చేస్తాయి. బ్యాంకు ఖాతాకో షేర్లకో నామినీగా పేరు పెడితే ఆస్తి ఆ మనిషిదైపోయిందనుకుంటారు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే; అది చివరికి చేరాల్సింది చట్టప్రకారం వారసులకు లేదా వీలునామాలో రాసినవాళ్లకు. షేర్ల విషయంలో కూడా ఇంతేనని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, ఆ ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. పాతికేళ్ల కుర్రవాడు వీలునామా రాయడం అశుభం అనుకునే మన అలవాటు పోవాలి. ఆ కుర్రవాడికి సొంతంగా ఆస్తి లేకపోయినా, అతన్ని పంపుతున్న తండ్రికి ఉంది. ఇద్దరు పిల్లలు రెండు దేశాల్లో ఉన్న తండ్రి వీలునామా లేకుండా పోతే ఆ పిల్లలు పడే ప్రయాస చిన్నది కాదు.

బ్యాంకు సంగతి కూడా అంతే. ఉద్యోగం మీదో, ఎప్పుడొస్తామో చెప్పలేని కాలానికో విదేశం వెళ్లినవాళ్లు ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. (ప్రవాసుల) ఖాతాగా మార్పించుకోవాలి. ఎక్కువమంది అలాగే వదిలేసి వెళ్తారు. ఇక్కడి ఫోను నంబరుకు రీచార్జి ఆగి సిమ్ పోతే, ఓటీపీ రాక ఖాతా మొత్తం తాళం పడిపోతుంది. ఇది దుబాయిలో ఉన్నవాడికీ డాలస్‌లో ఉన్నవాడికీ ఒకేలా ఎదురయ్యే చిక్కు. ఆ సిమ్ ఎవరి ఫోనులో ఉంటుందో, ఎవరు రీచార్జి చేస్తారో ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందే తేల్చుకోవలసిన సంగతి. వ్యవసాయ భూమి విషయంలో ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. ప్రవాస భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చినదీ, వెళ్లకముందే ఉన్నదీ ఉంచుకోవచ్చు. పంపకాలు ముందే తేల్చుకోవాలనడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లో మిగిలినవాళ్లు

కాగితాల కంటే ఎక్కువ శ్రద్ధ దక్కవలసిన మనుషులు ఇంట్లో మిగిలినవాళ్లు. రెండు ప్రయాణాల్లోనూ వాళ్ల మాట చివరనే వస్తోంది.

ఉత్తర తెలంగాణలో భర్త గల్ఫ్‌కు పోయిన భార్యలు వేలల్లో ఉన్నారు. భర్త పంపే డబ్బు మామ ఖాతాకో బావ ఖాతాకో వస్తే, ఆమె పిల్లల ఫీజుకు కూడా చేయి చాపాలి. ఆమె పేరు మీద ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు ఆమె చేతికిచ్చి, అప్పు ఎవరికెంతో ఆమె ముందే లెక్క చెప్పి పోయినవాడి ఇల్లు వేరుగా ఉంటుంది. ఆ ఒక్క పని ఆ ఇంటి బతుకు తీరునే మారుస్తుంది.

గోదావరి జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీల కథలో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ సంపాదించేది ఆమె, ఖర్చు పెట్టేది భర్తో అన్నో. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టున్న స్త్రీ ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారా వెళ్లాలి. ఈ కట్టడి వల్ల చాలామంది విజిట్ వీసా దారి పడుతున్నారు. రక్షించాలని పెట్టిన నియమం ఆమెను రక్షణ లేని దారికి నెట్టడం ప్రభుత్వం నిజాయితీగా సమీక్షించుకోవలసిన విషయం. ఆమె పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. అమ్మమ్మ చేతికి నేరుగా డబ్బు చేరే ఏర్పాటు ఉంటుందా? పిల్లల బడి కాగితాల మీద ఎవరు సంతకం పెడతారు? నాలుగేళ్ల తరువాత తిరిగొచ్చేసరికి తన పేరు మీద ఏమైనా మిగులుతుందా? ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) పదిహేనేళ్లు కష్టపడి, ఇల్లు కట్టించి, ఆ ఇంటి దస్తావేజు మీద తన పేరు లేదని తెలుసుకున్న స్త్రీకి మనం ఏం జవాబు చెబుతాం?

అమెరికా వరుసలో ఇంట్లో మిగిలేది తల్లిదండ్రులు. వాళ్లకు డబ్బు కొరత ఉండకపోవచ్చు. రాత్రి రెండు గంటలకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో సంతకం పెట్టే మనిషి కొరత. ఆరోగ్య బీమా కార్డు ఎక్కడుందో, ఏ మందులు వాడుతున్నారో, ఏ పక్కింటివారి దగ్గర ఇంటి తాళం ఉందో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేని ఇళ్లు ఎన్నో. కొడుకు వీసాకు మాత్రం ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు తీసిపెట్టిన ఇల్లే అది.

ఈ విషయంలో పల్లెకు ఒక బలం ఉంది. గల్ఫ్‌కు పోయినవాడి తల్లి పడిపోతే ఇరుగుపొరుగు లేవదీస్తారు, ఎవరి బండో వస్తుంది. నగరంలోని అపార్ట్‌మెంటు ఆ బలాన్ని ఇవ్వదు. దాన్ని ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఒక మేనల్లుడికో, స్నేహితుడికో ఆ బాధ్యత అడిగి అప్పగించాలి.

తిరుగు దారి

నా దృష్టిలో ఈ పోలికలో అన్నిటికంటే లోతైన తేడా ఇక్కడుంది.

గల్ఫ్‌కు పోయే కార్మికుడు తిరిగి రావడం ఖాయం. అక్కడ అతనికి పౌరసత్వం రాదు. ఉండే హక్కు అకామాతో (నివాస అనుమతితో) ముడిపడి ఉంటుంది, అకామా యజమానితో ముడిపడి ఉంటుంది. వయసు పైబడ్డాక రాక తప్పదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ తన వలసల్ని మూడు మాటల్లో చెప్పుకున్నప్పుడు కూడా ఆ మూడింటి నుంచీ మనిషి ఊరికి తిరిగొస్తాడనే అవగాహన అందులో ఉంది. అయినా తిరిగొచ్చే రోజుకు ఏర్పాటు కనబడదు. పొదుపు ఉండదు, పెన్షన్ ఉండదు. కేంద్రం 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన పేరుతో గల్ఫ్ కార్మికులకు పెన్షన్, పునరావాస పొదుపు పథకం తెచ్చింది. చేరినవాళ్లు తక్కువని 2017లో ఆపేసింది. చేరకపోవడానికి కారణం కార్మికుల నిర్లక్ష్యమేనని అనుకోలేం. మొదటి ఒప్పందం మొత్తం వడ్డీకే పోయేవాడు పెన్షన్‌కు ఏం కడతాడు? అప్పు ప్రశ్న తేలకుండా పొదుపు ప్రశ్న తేలదు.

అమెరికా వెళ్లే విద్యార్థిది దీనికి తలకిందులైన స్థితి. ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూలో అతను చదువయ్యాక తిరిగి వస్తానని అధికారిని ఒప్పించాలి. ఇంట్లో వేసుకునే ప్రతి లెక్కా అతను తిరిగి రాడనే ఊహ మీద నడుస్తుంది. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదనే నియమం వల్ల భారతీయుల క్యూ దశాబ్దాల పొడవైంది. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవాడికి మరో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు. అంటే తిరిగి రావడం అక్కడ కూడా ఎప్పుడైనా జరగగలిగే సంగతే. దాన్ని ఓటమిగా చూసే చూపు మనకుంది. అందుకే అతను తిరిగొచ్చే దారిని సిద్ధం చేసుకోడు, ఇంటివాళ్లూ ఆ మాట ఎత్తరు. అక్కడ ఉద్యోగం పోయిన పిల్లలు ఆ సంగతి నెలల తరబడి అమ్మానాన్నలకు చెప్పలేకపోవడానికి కారణం ఈ మౌనమే.

ఒకరు ఖాయంగా తిరిగొస్తారు, ఆ రాకకు సిద్ధం కారు. ఇంకొకరు తిరిగి రావలసి రావచ్చు, ఆ అవకాశాన్ని ఊహించడానికే ఒప్పుకోరు.

మరణం గురించీ మాట్లాడక తప్పదు. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ఇచ్చేది ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా. గుండెపోటుతో పోతే రాదు. గల్ఫ్‌లో ఎండకూ ఒత్తిడికీ గుండె ఆగి పోయేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది చిన్న లోటు కాదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించడం ఈ లోటును కొంత పూడ్చే మంచి అడుగు. అయినా సాయం మీద ఆధారపడకుండా, ఇక్కడే ఒక మామూలు టర్మ్ పాలసీ తీసుకుని, గల్ఫ్‌లో పనిచేస్తున్నప్పుడు కూడా అది వర్తిస్తుందని రాతపూర్వకంగా తెలుసుకుని పోవడం మేలు. విద్యార్థుల విషయంలోనూ బీమా లోటు ఇలాగే ఉంది. అమెరికాలో పిల్లవాడు చనిపోతే భౌతికకాయం తేవడానికి స్నేహితులు చందాలు పోగుచేసే దృశ్యం మళ్లీ మళ్లీ చూస్తున్నాం. అక్కడ తీసుకునే ఆరోగ్య బీమాలో ఆ ఖర్చు ఉందో లేదో చూసుకోవడం, విద్యారుణానికి జీవిత బీమా జతచేయడం ఇంటి పెద్దలు చేయవలసిన పని. పిల్లవాడు పోయిన దుఃఖం మీద అతని అప్పు కూడా మోయవలసిన పరిస్థితి ఏ తల్లిదండ్రులకూ రాకూడదు.

తీర్పు

ఎవరి తయారీ మెరుగు? కాగితం చదవడంలో, అడగబోయే ప్రశ్నను ఊహించడంలో అమెరికా విద్యార్థి ముందున్నాడు. అప్పును కళ్లెదుట పెట్టుకోవడంలో, తన పరిస్థితి గురించి తనను తాను మభ్యపెట్టుకోకపోవడంలో, చుట్టూ మనుషుల్ని నిలుపుకోవడంలో గల్ఫ్ కార్మికుడి కుటుంబం ముందుంది. ఒకరి బలం ఇంకొకరికి కావాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలు గల్ఫ్‌కు పోయే బాబాయి ఉద్యోగ ఒప్పందాన్ని ఈ-మైగ్రేట్‌లో సరిచూసి పెట్టొచ్చు. ఏజెంటు లైసెన్సు చెల్లుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. నగరంలోని తండ్రులు ఆ పల్లె ఇల్లాలి దగ్గర నేర్చుకోవలసింది నెలనెలా బాకీ అంకె తెలుసుకుని ఉండే అలవాటు.

ప్రభుత్వాలు చేయవలసింది కూడా స్పష్టంగానే ఉంది. ప్రయాణానికి ముందు శిక్షణ వెళ్లే మనిషికి మాత్రమే ఇస్తున్నారు. భార్యనో తల్లినో పక్కన కూర్చోబెట్టి ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెంటికీ విదేశీ ఉద్యోగాల కోసం సొంత సంస్థలున్నాయి; వాటి శాఖలు ఏజెంటు ఉండే మండల కేంద్రంలోనే ఉండాలి. విద్యార్థుల్ని పంపే కన్సల్టెన్సీలకు లైసెన్సు, రసీదు, ఫిర్యాదు వ్యవస్థ ఏర్పరచాలి. గుండెపోటు మరణాన్ని ప్రవాసీ బీమాలో చేర్చాలి.

కుటుంబం చేయవలసిన పనికి ఏ చట్టమూ అక్కర్లేదు. టికెట్ కొనకముందే, డబ్బు కట్టకముందే, ఇంటిల్లిపాదీ ఒక చోట కూర్చోవాలి. మొత్తం అప్పెంత, ఎంత వడ్డీకి, సంపాదన రాకపోతే ఎవరు ఎలా తీరుస్తారు? నెల డబ్బు ఎవరి ఖాతాకు వస్తుంది? భూమి, ఇల్లు ఎవరి పేరు మీదున్నాయి, పంపకాలు అయ్యాయా, సంతకం పెట్టే అధికారం ఎవరికి, ఎంతవరకు? ఆపద వస్తే మొదట ఎవరికి ఫోన్ చేయాలి? తిరిగి రావలసి వస్తే ఆ మనిషిని ఎలా కలుపుకుంటాం? ఈ జవాబులు ఒక కాగితం మీద రాసి, అందరూ చదివి, వెళ్లేవాళ్ల దగ్గర ఒక ప్రతి, ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర ఒక ప్రతి ఉంచుకోవాలి. ఈ కాగితానికి ముద్ర వేసే అధికారి ఎవరూ ఉండరు. వీసా వచ్చినా రాకపోయినా, వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడినా మధ్యలోనే తిరిగొచ్చినా ఆ ఇంటికి అక్కరకొచ్చే కాగితం మాత్రం ఇదే. జగిత్యాలలోనైనా విజయవాడలోనైనా, వీసా ఫైలు కంటే ముందు తయారు కావలసింది ఇది.